ఆప్టిట్యూడ్ అంటే అసలు అర్థం ఏంటి? సహజ సామర్థ్యమా, లెక్కలా?

మానుకోట_మల్లిక
అందరికీ నమస్కారం. నేను డీఎస్సీకి ప్రిపేర్ అవుతున్నాను. సైకాలజీలో ఆప్టిట్యూడ్‌కి ‘సహజ సామర్థ్యం’ అని ఉంది. తగిన శిక్షణ ఇస్తే ఒక మనిషి ఒక రంగంలో ఎంతవరకు రాణించగలడో ముందుగా సూచించే లక్షణం అని నిర్వచనం. అక్కడివరకు అర్థమైంది.

మా తమ్ముడు ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్. వాళ్ల కాలేజీలో ఆప్టిట్యూడ్ అంటే శాతాలు, లాభనష్టాలు, కాలం-దూరం, రక్తసంబంధాలు (ఎవరు ఎవరికి ఏమవుతారన్న చిక్కు ప్రశ్నలు). మొన్న ఒక కంపెనీ మొదటి రౌండ్‌లోనే వాడు ఆగిపోయాడు. ట్రైనింగ్ చూసే ఆయన అందరి ముందూ ‘నీకు ఆప్టిట్యూడ్ లేదు, సాఫ్ట్‌వేర్ నీ వల్ల కాదు’ అన్నాడట. వాడు రాసిన ప్రోగ్రామ్ చూసి నేర్చుకునేవాళ్లు వాళ్ల క్లాసులోనే ఉన్నారు. ఇంటికొచ్చి అన్నం కూడా సరిగా తినలేదు.

నా పుస్తకంలోని అర్థంతో చూస్తే ఆయన అన్నది చాలా పెద్ద మాట. కాలేజీ అర్థంతో చూస్తే ‘లెక్కలు ఇంకా ప్రాక్టీస్ చెయ్యి’ అన్నంత చిన్న మాట. రెండు చోట్లా ఒకే పదమేనా? ఎబిలిటీ, స్కిల్, టాలెంట్ వీటికీ దీనికీ తేడా ఏంటి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

బెజవాడ_ట్రైనర్
మల్లిక గారూ, నేను ప్లేస్‌మెంట్ ట్రైనింగే ఇస్తాను. మా దగ్గర ఆప్టిట్యూడ్ అంటే మూడు పేపర్లు: క్వాంట్స్ (లెక్కలు), రీజనింగ్ (తర్కం), వెర్బల్ (ఇంగ్లీషు). ఇంతకు మించి ఆ మాటకు మేం వేరే అర్థం పెట్టుకోలేదు. కంపెనీకి వేలల్లో అప్లికేషన్లు వస్తాయి. అందరినీ కూర్చోబెట్టి మాట్లాడటం కుదరదు కాబట్టి మొదట ఒక వడపోత పెడతారు.

ఒక లెక్క చూడండి. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వెళ్లే 120 మీటర్ల రైలు, 180 మీటర్ల ప్లాట్‌ఫామ్‌ను దాటడానికి ఎంత సమయం పడుతుంది? మొదటిసారి చూసిన పిల్లవాడు ముందు కిలోమీటర్లను మీటర్లు చేస్తాడు, గంటను సెకన్లు చేస్తాడు, రైలు పొడవు కలపాలా వద్దా అని ఆగుతాడు. అప్పటికే నిమిషంన్నర అయిపోతుంది. నెల రోజులు చేసినవాడు 72ను ఐదు బై పద్దెనిమిదితో గుణించి సెకనుకు 20 మీటర్లు అనుకుంటాడు, రెండు పొడవులూ కలిపి 300 అనుకుంటాడు, 15 సెకన్లు అని టిక్ పెట్టేస్తాడు. ఇద్దరికీ ఉన్న తేడా ఆ ఐదు బై పద్దెనిమిది. అది పుట్టుకతో ఎవరికీ రాదు, మేం నేర్పిస్తే వచ్చింది.

కాబట్టి ఆ రౌండ్ పోయినవాడికి చెప్పాల్సింది ‘ఈ లెక్కల్లో స్పీడు లేదు’ అని. ‘సాఫ్ట్‌వేర్ నీ వల్ల కాదు’ అనడానికి ఆ పేపర్‌లో ఏ ఆధారమూ లేదు.

సైకాలజీ_మాస్టారు
అమ్మా మల్లికా, మీ ప్రశ్న చాలా మంచిది. ఉపాధ్యాయ శిక్షణలో ఏళ్ల తరబడి ఈ పాఠం చెప్పినవాణ్ని, కొంచెం విడమరచి చెబుతాను.

సాధన, సామర్థ్యం, ఆప్టిట్యూడ్. ఈ మూడూ మూడు కాలాలకు చెందినవి అనుకోండి. సాధన అంటే ఇప్పటిదాకా నేర్చుకున్నది, పదో తరగతి మార్కులు దాన్ని చెబుతాయి. సామర్థ్యం, అంటే ఎబిలిటీ, ఈ రోజు కూర్చోబెడితే ఏం చేయగలరన్నది. ఆప్టిట్యూడ్ రేపటి సంగతి. నేర్పిస్తే ఎంత త్వరగా, ఎంత లోతుగా పట్టుకుంటారన్నది. టైపింగ్ అసలు రాని ఇద్దరిని తీసుకోండి. ఎబిలిటీ ఇద్దరికీ సున్నా. కానీ రెండు నెలలు నేర్పాక ఒకరు చాలా ముందుకు వెళ్లవచ్చు. ఆ తేడాను నేర్పకముందే అంచనా వేయగలమా అన్న ప్రశ్న నుంచే ఆప్టిట్యూడ్ పరీక్షలు పుట్టాయి.

మీ సిలబస్‌లో ఉండే మనస్తత్వవేత్త బింగ్‌హామ్ 1937లో ఇచ్చిన నిర్వచనం కూడా ఇదే మాట చెబుతుంది. శిక్షణతో ఒక జ్ఞానాన్ని, నైపుణ్యాన్ని సంపాదించుకోగలరని సూచించే లక్షణాల సముదాయం. ఇందులో ‘పుట్టుకతో’ అన్న షరతు లేదు. చిన్నప్పటి ఇల్లు, బడి, అలవాటు, అన్నీ కలిసే అది ఏర్పడుతుంది. మనవాళ్లు ‘సహజ’ అని చేర్చడంతో చదివినవాళ్లకు అది నుదుటి రాతలా వినిపిస్తోంది. పరీక్షలో మాత్రం సహజ సామర్థ్యం అనే టిక్ పెట్టండి, కీ లో అదే ఉంటుంది.

ఇంకొకటి గమనించండి. 1947లో బెన్నెట్, హెరాల్డ్ సీషోర్, వెస్‌మన్ కలిసి డిఫరెన్షియల్ ఆప్టిట్యూడ్ టెస్ట్ తయారుచేశారు. మీ పుస్తకంలో డాట్ అని ఉంటుంది. అందులో ఎనిమిది భాగాలు ఉన్నాయి: భాషా వివేచన, సంఖ్యా సామర్థ్యం, అమూర్త వివేచన, గుమాస్తా పనిలో వేగం-కచ్చితత్వం, యాంత్రిక వివేచన, స్థల సంబంధాలు, స్పెల్లింగ్, భాషా ప్రయోగం. ఎనిమిదింటికీ ఎనిమిది స్కోర్లు వేరువేరుగా ఇస్తారు. డిఫరెన్షియల్ అన్న పేరులోనే భేదం ఉంది. ఒకే పిల్లవాడు ఒకదాంట్లో బాగా ముందుండి మరోదాంట్లో వెనకపడతాడు, ఆ ఎత్తుపల్లాలు చూపించడమే ఆ పరీక్ష పని. అలాంటప్పుడు ‘నీకు ఆప్టిట్యూడ్ లేదు’ అన్న వాక్యం సైకాలజీలో కుదరదు. ఎవరైనా అలా అంటే ‘దేనికి లేదండీ?’ అని అడగాలి.

పాతతరం_పాఠకుడు
మాస్టారూ, మీరంటే గౌరవమే గానీ ‘సహజ’ అన్న మాట అంత తీసిపారేయదగ్గది కాదని నా అభిప్రాయం. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని ఊరికే అనలేదు. ఒకే గురువు దగ్గర, ఒకే ఇంట్లో, ఒకే రోజు సంగీతం మొదలుపెట్టిన అక్కచెల్లెళ్లను చూశాను. ఒకమ్మాయి సరళీ స్వరాలప్పుడే శృతి తప్పితే తనంతట తానే ఆగి సరిచేసుకునేది. రెండో అమ్మాయి వర్ణాలు దాటినా శృతి తప్పిన సంగతి గురువు చెబితేగానీ తెలిసేది కాదు. ఇద్దరూ కష్టపడ్డారు. ఇది సహజం కాకపోతే మరేమిటి?

సైకాలజీ_మాస్టారు
మీరు చెప్పిన తేడా నిజమే. ఆ తేడాను కొలవాలనే కార్ల్ సీషోర్ అనే మనస్తత్వవేత్త 1919లో సంగీత ప్రతిభ పరీక్షలు చేశాడు. గ్రామఫోను మీద రెండు స్వరాలు వినిపించి ఏది హెచ్చు, ఏది తగ్గు అని అడగడం అందులో ఒకటి. చెవి అందరికీ ఒకలా ఉండదు, నేనూ కాదనను. నేను అనేది ఏమిటంటే, ఈ రోజు కొలిచిన తేడాలో పుట్టుక వాటా ఎంత, ఇంట్లో విన్న పాటల వాటా ఎంత అన్నది ఆ పరీక్ష చెప్పలేదు. చెప్పలేనిదాన్ని పదంలోనే బిగించేస్తే నష్టపోయేది పిల్లలు.

పాతతరం_పాఠకుడు
వాటా తెలియదన్నంత మాత్రాన వాటా లేదని కాదుగా. నా మాట మీద నేనున్నాను. కానీ ఆ కుర్రాడి విషయంలో మీతో ఏకీభవిస్తాను. లెక్కల పేపర్ చూసి ప్రోగ్రామింగ్ రాదని తేల్చడం అన్యాయం.

కాజీపేట_ఏఎల్పీ
నేను రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌ని. అన్నలూ అక్కలూ, మీరు పైన మాట్లాడుకున్న అసలైన ఆప్టిట్యూడ్ టెస్ట్ రాసి వచ్చినోణ్ని కాబట్టి చెబుతున్నా. మా రిక్రూట్‌మెంట్‌లో రెండు కంప్యూటర్ పరీక్షలు అయ్యాక సీబీఏటీ అని ఉంటుంది, కంప్యూటర్ బేస్డ్ ఆప్టిట్యూడ్ టెస్ట్. మాలో అందరూ సైకో టెస్ట్ అనే అంటారు. అందులో శాతాలు లేవు, వడ్డీలు లేవు. జ్ఞాపకశక్తి, సూచనలు పాటించడం, లోతు గ్రహించడం, ఏకాగ్రత, చూపులో వేగం, ఇట్లా ఐదు పరీక్షలు.

లోతు పరీక్ష ఎట్లుంటదంటే, ఇటుకలు పేర్చిన బొమ్మ ఒకటి చూపిస్తారు. కొన్ని ఇటుకల మీద అక్షరాలు ఉంటాయి. ఫలానా ఇటుకను ఎన్ని ఇటుకలు తాకుతున్నాయి అని అడుగుతారు. ముందు కనిపించేవి లెక్కపెట్టడం సులువే. వెనక దాగిన ఇటుక, కింద సగం ఆనుకున్న ఇటుక, వీటిని మనసులో తిప్పి చూసుకోవాలి. టైం చాలా తక్కువ. ఒక బొమ్మ దగ్గర ఆగితే వెనకవన్నీ పోతాయి.

ఐదింట్లోనూ విడివిడిగా కనీసం 42 టీ-స్కోరు రావాలి. సగటు 50గా పెట్టుకున్న కొలత అది. నాలుగింట్లో 70 వచ్చి ఒకదాంట్లో 41 వచ్చినా పోయినట్టే. ఏ కేటగిరీకీ సడలింపు లేదు. తర్వాత మెరిట్ లిస్టులో దీనికి 30 శాతం, అంతకుముందు రాసిన పరీక్షకు 70 శాతం వెయిటేజీ.

ఎందుకింత పట్టుదల అంటే, రాత్రిపూట వర్షంలో సిగ్నల్ కనబడగానే నేనూ లోకో పైలటూ ఇద్దరం పైకి పలికి చెప్పుకోవాలి. నిద్ర ముంచుకొచ్చే వేళలో కూడా ఆ చూపు తప్పకూడదు. ఆ పనికి ఏ గుణం కావాలో దాన్నే కొలిచారు. అందుకని నాకు ఆ టెస్టు మీద కోపం లేదు. నాతో చదివి ఇందులో పోయిన దోస్తు ఉన్నాడు, ఇప్పుడు అదే రైల్వేలో వేరే పోస్టులో మంచిగా చేస్తున్నాడు.

మానుకోట_మల్లిక
అన్నా, మీరు చెప్పింది చదివాక మాస్టారి మాట బాగా అర్థమైంది. మీ పరీక్షలో ‘దేనికి’ అన్నదానికి జవాబు ఉంది.

విశాఖ_వాయుసేన
ఇలాంటిదే ఇంకోటి. ఎయిర్‌ఫోర్స్‌లో పైలట్ కావాలంటే ఒకప్పుడు పీఏబీటీ (పైలట్ ఆప్టిట్యూడ్ బ్యాటరీ టెస్ట్) ఉండేది, ఇప్పుడు సీపీఎస్ఎస్ (కంప్యూటరైజ్డ్ పైలట్ సెలెక్షన్ సిస్టమ్) అనే కంప్యూటర్ పరీక్ష ఉంటుంది. జీవితంలో ఒక్కసారే అవకాశం. అందులో ఫెయిలైతే ఫ్లయింగ్ బ్రాంచికి మళ్లీ రాయనివ్వరు. గ్రౌండ్ డ్యూటీ బ్రాంచీలకు మాత్రం ప్రయత్నించవచ్చు. ఆప్టిట్యూడ్ మారదన్న నమ్మకం మీద నడిచే పరీక్ష అంటే ఇదీ. పాతతరం గారి వాదనకు ఇది దగ్గర.

డాలస్_శ్రీవాణి
ఇక్కడ అమెరికాలో ఈ పదం మీద పెద్ద కథే నడిచింది. మా అమ్మాయి కాలేజీ ప్రవేశాల కోసం శాట్ అనే పరీక్ష రాస్తున్నప్పుడు చదివి తెలుసుకున్నాను. 1926లో మొదలుపెట్టినప్పుడు దాని పేరు స్కొలాస్టిక్ ఆప్టిట్యూడ్ టెస్ట్. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వాడిన తెలివితేటల పరీక్షల వరసలో వచ్చింది. తయారుచేసిన కార్ల్ బ్రిగమ్ అంతకుముందు 1923లో, కొన్ని జాతులవాళ్లకు తెలివి తక్కువ అని ఆ స్కోర్ల ఆధారంగా రాసినవాడు. 1930లో ఆ నిర్ధారణలు నిలవవని తానే వెనక్కి తీసుకున్నాడు. ఇంగ్లీషు సరిగా రాని ఇళ్ల పిల్లలకు ఇంగ్లీషులో పరీక్ష పెడితే స్కోరు తగ్గదా మరి!

1990లో పేరులోని ఆప్టిట్యూడ్ తీసేసి అసెస్‌మెంట్ అన్నారు. తర్వాత అదీ తీసేశారు. ఇప్పుడు ఆ మూడు అక్షరాలకు విడదీసి చెప్పే పేరే లేదు. ఆప్టిట్యూడ్ అంటే పుట్టుకతో వచ్చిందనుకుంటారన్న ఇబ్బంది ఆ మార్పు వెనక ఉంది. కోచింగ్‌తో స్కోరు పెరుగుతున్నప్పుడు దాన్ని ఆ పేరుతో పిలవడం ఎలా కుదురుతుంది?

మల్లికా, మీ తమ్ముడికి ఈ సంగతి తప్పకుండా చెప్పమ్మా. ఆ పదాన్ని ప్రపంచానికి అలవాటు చేసిన పరీక్షే దాన్ని వదులుకుంది.

అశోక్‌నగర్_అభ్యర్థి
సివిల్స్ వైపు నుంచి నా మాట. యూపీఎస్సీ ప్రిలిమ్స్ రెండో పేపర్‌ను అందరం సీశాట్ (సివిల్ సర్వీసెస్ ఆప్టిట్యూడ్ టెస్ట్) అంటాం, 2011లో వచ్చింది. అందులో కాంప్రహెన్షన్, రీజనింగ్, లెక్కలు. ఇంగ్లీషు మీడియం, ఇంజినీరింగ్ వాళ్లకే లాభమని ప్రాంతీయ భాషల అభ్యర్థులు గట్టిగా ఆందోళన చేశాక, 2015 నుంచి 33 శాతం వస్తే చాలు, మార్కులు కలపం అన్నారు.

అదే యూపీఎస్సీ 2013లో మెయిన్స్‌లో నాలుగో జనరల్ స్టడీస్ పేపర్ పెట్టింది. దాని పేరు ఎథిక్స్, ఇంటెగ్రిటీ అండ్ ఆప్టిట్యూడ్. అక్కడ ఆప్టిట్యూడ్ కింద ఏమున్నాయో చూడండి: నిష్పాక్షికత, ప్రజాసేవ పట్ల అంకితభావం, బలహీన వర్గాల పట్ల కరుణ, సహనం. ఒక్క లెక్క కూడా లేదు! ఒకే సంస్థ, ఒకే ఉద్యోగానికి, ఒకే పదాన్ని రెండు పేపర్లలో రెండు అర్థాల్లో వాడుతోంది. నా దృష్టిలో రెండో అర్థమే ఆ ఉద్యోగానికి సరైనది.

ఎంటెక్ ప్రవేశాలకు రాసే గేట్ తీసుకున్నా అంతే. పూర్తి పేరు గ్రాడ్యుయేట్ ఆప్టిట్యూడ్ టెస్ట్ ఇన్ ఇంజినీరింగ్. నూటికి 85 మార్కులు నాలుగేళ్లలో చదివిన ఇంజినీరింగ్ నుంచే వస్తాయి, జనరల్ ఆప్టిట్యూడ్ అని విడిగా ఉన్నది 15 మార్కులే. మాస్టారి లెక్కలో అది ఎక్కువ భాగం సాధన పరీక్షే కదా.

సైకాలజీ_మాస్టారు
అవును నాయనా, సాధన పరీక్షే.

భాషాభిమాని
పదం వాడుక గురించి కూడా అడిగారు కాబట్టి రాస్తున్నాను. ఇంగ్లీషులో ఆప్టిట్యూడ్ తర్వాత మామూలుగా ‘ఫర్’ వస్తుంది. ‘షి హ్యాజ్ ఆన్ ఆప్టిట్యూడ్ ఫర్ లాంగ్వేజెస్’ అంటే ఆ అమ్మాయికి భాషలు త్వరగా వస్తాయని. ఎబిలిటీ తర్వాత ‘టు’ వస్తుంది: ‘ఎబిలిటీ టు స్విమ్’. ఇప్పుడు ఈదగలదు, అంతే. మాస్టారు ‘దేనికి’ అని అడగమన్నారు చూడండి, ఇంగ్లీషు వ్యాకరణం కూడా ఆ ‘ఫర్’తో అదే అడుగుతుంది.

మిగిలినవి క్లుప్తంగా. స్కిల్ అంటే నేర్చుకుని సాధించిన నైపుణ్యం. టాలెంట్ అంటే పదిమందిలో తెలిసిపోయే ప్రతిభ. కెపాసిటీ అంటే పట్టే పరిమాణం, ట్యాంకుకీ మనిషికీ కూడా. ‘ఇన్ ద కెపాసిటీ ఆఫ్’ అంటే మాత్రం ఫలానా హోదాలో అని. కాంపిటెన్స్ అంటే ఒక పనికి సరిపడా చేయగల స్థాయి. న్యాయభాషలో అదే అర్హత, అధికారం అవుతుంది.

చాలామంది ఆటిట్యూడ్‌తో కలిపేస్తారు. ఇప్పుడు అర్థాలు వేరు గానీ రెండింటిదీ ఒకటే మూలం. లాటిన్‌లో తగినది అనే అర్థమున్న ఆప్టస్ నుంచి వచ్చిన మాట ఇటాలియన్, ఫ్రెంచి మీదుగా తిరిగి ఆటిట్యూడ్ అయింది. మొదట్లో దానికి శిల్పంలో, చిత్రంలో మనిషి నిలబడిన భంగిమ అని అర్థం. వైఖరి అన్న అర్థం తర్వాత వచ్చింది.

ఇక తెలుగు. సహజ సామర్థ్యం పుస్తకాల్లో ఉండనివ్వండి. మన ఇళ్లలో దీనికి నిక్షేపంలాంటి మాట ఉంది: అబ్బడం. ‘వాడికి లెక్కలు అబ్బాయి’, ‘దానికి సంగీతం అబ్బలేదు’ అంటాం. నేర్పితే ఒంటబట్టడం అన్న భావమంతా అందులోనే ఉంది. ఏది అబ్బిందో చెప్పకుండా ఆ మాట వాడలేం కూడా. స్కిల్‌కి ‘చేయి తిరగడం’ ఉంది. చేయి తిరిగిన వంటవాడు అంటే ఏళ్ల పని వల్ల వచ్చిన నేర్పు. అబ్బడం వేరు, చేయి తిరగడం వేరు. ఒక్క జాగ్రత్త: ‘చేతివాటం’ అన్న మాటను నైపుణ్యం అనే అర్థంలో ఇప్పుడు వాడకండి, దొంగతనం అనుకుంటారు.

తెనాలి_కుట్టుమిషన్
నేను పెద్దగా చదువుకోలేదు. ఇంటి దగ్గర అమ్మాయిలకు కుట్టు నేర్పుతాను. అబ్బడం అన్నారే, ఆ మాట నాకు బాగా తెలుసు.

జాకెట్ చెయ్యి కత్తిరించేటప్పుడు చంక దగ్గర వంపు ముందువైపు కొంచెం ఎక్కువ లోతు తీయాలి, వెనక వైపు తక్కువ. గుడ్డ మడత వేసి కత్తిరిస్తాం కదా, కొత్తవాళ్లు మడత చూసుకోకపోతే రెండు చేతులూ ఒకే వైపువి వస్తాయి. కుట్టి తొడిగాకగానీ తెలియదు, చంక దగ్గర ముడత పడుతుంది. చాలామంది అమ్మాయిలకు ఇది పదేపదే చెప్పాలి, సున్నంతో ముందు, వెనక అని గుర్తు పెట్టించాలి. ఒకమ్మాయి వచ్చింది, మొదటి వారంలోనే నేను కత్తెర పెట్టబోతుంటే ‘అక్కా, ఇలా మడిస్తే రెండూ కుడిచేతివే వస్తాయి కదా’ అంది. బల్ల మీద పరిచిన గుడ్డలో ఆ పిల్లకు తొడుక్కున్న జాకెట్ కనిపిస్తోంది. మాస్టారు చెప్పిన ఎనిమిదింట్లో స్థల సంబంధాలు అన్నది ఇదేనా అండీ?

కానీ ఆ అమ్మాయి కుట్టు మొదట్లో వంకర్లే పోయేది. మిషన్ మీద కాలు కుదరడానికి అందరిలాగే నెలలు పట్టింది. గుర్తులు పెట్టుకుని నేర్చుకున్న మిగతా అమ్మాయిలు కూడా ఇప్పుడు షాపులు నడుపుతున్నారు.

సైకాలజీ_మాస్టారు
అదేనమ్మా. ఇంత చక్కటి ఉదాహరణ నా క్లాసులో నేనెప్పుడూ ఇవ్వలేదు. కత్తిరింపు అబ్బింది, కుట్టు మాత్రం నేర్చుకోవలసి వచ్చింది. ఒకే పనిలో రెండు భాగాలు, రెండు రకాల ఆప్టిట్యూడ్.

మానుకోట_మల్లిక
అందరికీ చాలా చాలా థాంక్స్. తమ్ముడికి మొత్తం చదివి వినిపించాను. ఏఎల్పీ అన్న రాసిన ఇటుకల బొమ్మ గురించి మళ్లీ మళ్లీ అడిగాడు. ఇప్పుడు రెండు విషయాలు కావాలి. ఒకటి, రెజ్యూమెలో ‘గుడ్ ఆప్టిట్యూడ్’ అని రాసుకున్నాడు, ఉంచాలా తీసేయాలా? రెండు, వచ్చే నెలలో ఇంకో కంపెనీ వస్తోంది, మళ్లీ అదే రౌండ్ ఉంటుంది. ఏం చెయ్యాలి?

భాషాభిమాని
తీసేయమనండి. దేనికో చెప్పని గుడ్ ఆప్టిట్యూడ్ వల్ల చదివేవాళ్లకు ఏమీ తెలియదు. రాయాలనుకుంటే ‘ఆప్టిట్యూడ్ ఫర్ డీబగ్గింగ్’ అని రాసి, దాని కిందే తను సరిచేసిన ఒక ప్రోగ్రామ్ సంగతి రెండు లైన్లలో చెప్పమనండి. ఇంటర్వ్యూలో అడిగేది దాని గురించే అవుతుంది, అది అతనికి బలం.

బెజవాడ_ట్రైనర్
మల్లిక గారూ, నెల రోజులు చాలు. మొదటి వారం శాతాలు, నిష్పత్తులు మాత్రమే. లాభనష్టాలు, వడ్డీ, మిశ్రమాలు అన్నీ వాటి మీదే నిలబడతాయి. రెండో వారం కాలం-దూరం, కాలం-పని. 20 వరకు వర్గాలు, 12 వరకు ఘనాలు, సగం-మూడోవంతు-ఆరోవంతు లాంటి భిన్నాల శాతాలు నోటికి రావాలి. మూడో వారం నుంచి రోజూ గడియారం పెట్టుకుని ఒక పూర్తి పేపర్. తప్పు పోయిన లెక్కను పక్కన నోట్‌బుక్‌లో రాసుకుని మర్నాడు మళ్లీ చేయాలి. రక్తసంబంధాల లెక్కలకు బొమ్మ గీయమనండి, మనసులో చేయొద్దు. ఫోన్ నంబర్ ఇక్కడ పెట్టకండి, నాకు విడిగా మెసేజ్ చేయమనండి. పాత పేపర్లు నా దగ్గర ఉన్నాయి, పంపిస్తాను.